పాదం వాపును మిల్లీలీటర్లలో కొలవడం: తక్కువ ఖర్చుతో నమ్మదగిన పద్ధతులు

చీలమండ బెణికి వచ్చిన రోగి కేసు షీటులో "వాపు కొంత తగ్గింది" అని రాసి ఉంటే, రెండు వారాల తర్వాత ఆ మాట చదివే వైద్యుడికి గాని ఫిజియోథెరపిస్టుకు గాని దానివల్ల తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. ఎంత నుంచి ఎంతకు తగ్గింది, మొదటిసారి సాయంత్రం చూసి రెండోసారి ఉదయం చూసినందువల్ల తగ్గినట్టు కనిపించిందా, రెండుసార్లూ చూసింది ఒకరేనా అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. బొటనవేలితో నొక్కి, గుంట ఎంత లోతు పడిందో, ఎంతసేపటికి పూడిందో చూసి ఒకటి నుంచి నాలుగు ప్లస్సుల దాకా వేసే పద్ధతి మంచిదే. కానీ అది వాపు స్వభావాన్ని చెప్పినంత బాగా పరిమాణాన్ని చెప్పదు, పైగా రెండు ప్లస్సులకూ మూడు ప్లస్సులకూ మధ్య గీత ఎక్కడుందో పరీక్షించే వేలిని బట్టి మారిపోతుంది. చికిత్స పనిచేస్తోందా లేదా అని నిర్ణయించవలసిన చోట పాదం ఘనపరిమాణం అంకెలో కావాలి.

ఇందుకోసం పరారుణ కిరణాలతో కాలిని చుట్టూ కొలిచే పెరోమీటర్లు, త్రీడీ స్కానర్లు ఉన్నాయి, కానీ చిన్న క్లినిక్కుకు అవి అందుబాటులో ఉండవు. ఫోన్ కెమెరాతో పాదాన్ని చుట్టూ తీసి ఆకారాన్ని నిర్మించే పద్ధతులూ వస్తున్నాయి గాని, నేల మీద ఆనించిన పాదంలో అరికాలు కెమెరాకు కనబడదు, వేళ్ళ సందులు సరిగా పట్టవు. కాబట్టి ఈ వ్యాసంలో నీరు, డిజిటల్ కాటా, టేపు అనే మూడు సాధనాలకే పరిమితమవుతాను. వీటిని సరిగా వాడితే వచ్చే కొలత మీద చికిత్స నిర్ణయాలు నిలబడతాయని అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా: ఎవరిని నీటిలో కొలవకూడదు

వాపును కొలవడానికి ముందు, ఆ వాపు అసలు కొలుస్తూ కూర్చోదగినదేనా అని చూడాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోగిని తొట్టి దగ్గర కూర్చోబెట్టి కాలయాపన చేయకుండా వెంటనే తగిన పరీక్షలకు పంపాలి. వాపుతోపాటు ఆయాసం ఉన్నా అంతే. మధుమేహం ఉన్న వ్యక్తికి ఒక పాదం వేడిగా, ఎర్రగా వాచి ఉండి, ఆ వాపుకు తగినంత నొప్పి లేకపోతే షార్కో పాదమేమో (నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్ళు చెదిరిపోయే స్థితి) అనుమానించాలి. అక్కడ కొలతకన్నా ముందు ఆ పాదం మీద బరువు పడకుండా చూడటం ముఖ్యం.

పుండు, పగులు, కుట్లు, చీము, కొత్తగా తీసిన కట్టు కింద సరిగా మానని చర్మం ఉంటే నీటి పద్ధతి వద్దు, టేపు వాడాలి. పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి నీటిలో పెట్టవచ్చు కదా అని కొందరు అడుగుతారు. సంచి మడతల్లో గాలి చిక్కుకుంటుంది, అది ప్రతిసారీ ఒకేలా చిక్కుకోదు, కాబట్టి ఆ అంకెను నమ్మలేం. పాదంలో స్పర్శ తగ్గినవారికి నీటి వేడి తెలియదు గనుక థర్మామీటరు చూడకుండా వారి కాలు నీటిలో పెట్టించకూడదు.

నీటిమట్టాన్ని కాదు, బరువును చదవాలి

నీటిలో మునిగిన వస్తువు తన ఘనపరిమాణానికి సమానమైన నీటిని తొలగిస్తుందన్నది ఆర్కిమిడీస్ కాలం నుంచి, అంటే క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి, తెలిసిన సంగతి. సూత్రం ఇంత సులువైనదైనా చాలా క్లినిక్కుల్లో కొలత ఎందుకు తప్పుతుందంటే, టబ్బు గోడ మీద గీతలు గీసి నీరు ఏ గీత దాకా లేచిందో కంటితో చదువుతారు. పొడవు 40, వెడల్పు 30 సెంటీమీటర్లున్న టబ్బులో నీటి ఉపరితలం 1200 చదరపు సెంటీమీటర్లు. అందులో నీటిమట్టాన్ని ఒక్క మిల్లీమీటరు తప్పు చదివితే ఘనపరిమాణంలో తప్పు సుమారు 120 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళ పాదం చీలమండతో కలిపి ఉజ్జాయింపుగా లీటరుకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క మిల్లీమీటరు మొత్తంలో పదో వంతును మింగేస్తుంది. మనం పట్టుకోవాలనుకునే మార్పే తరచు అంతకన్నా చిన్నది.

అదే నీటిని పొర్లించి, పొర్లిన నీటిని గిన్నెలో పట్టి తూస్తే, గ్రాము తేడా కూడా తెలుస్తుంది. ఒక గ్రాము నీరు దాదాపు ఒక మిల్లీలీటరు. కచ్చితంగా చెప్పాలంటే 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సాంద్రత 0.9957, కాబట్టి 1000 గ్రాముల నీరు 1004 మిల్లీలీటర్లవుతుంది. ప్రతిసారీ ఒకే ఉష్ణోగ్రతలో కొలిచినంతకాలం ఈ తేడా అన్ని కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది గనుక దాన్ని పట్టించుకోనవసరం లేదు. కొలపాత్రలో పోసి గీత చదవడం కన్నా కాటా మీద తూయడమే మేలు. కొలపాత్ర గోడలకు అంటుకునే నీరు, చదివే కంటి ఎత్తు, రెండుసార్లు పోయవలసి వస్తే ఒలికే చుక్కలు, ఇవన్నీ ఆ ఒక్క మార్పుతో పోతాయి.

తొట్టి

లోపలి కొలతలు పొడవు 34, వెడల్పు 14 సెంటీమీటర్ల దగ్గర ఉండే గట్టి తొట్టి చాలామంది పెద్దల పాదాలకు సరిపోతుంది. మీ దగ్గరికి వచ్చేవారిలో అన్నిటికన్నా పెద్ద పాదం, అదీ వాచి ఉన్నప్పుడు, గోడలకు నొక్కుకోకుండా పట్టాలి. అంతకు మించి వెడల్పు అక్కర్లేదు, ఎందుకంటే ఉపరితలం పెరిగేకొద్దీ పొర్లడం ఎక్కడ ఆగుతుందన్న అనిశ్చితి కూడా పెరుగుతుంది. పలచటి ప్లాస్టిక్ డబ్బా నీటి బరువుకు పొట్ట ఉబుకుతుంది, రోగి కాలు ఆనితే ఆ ఉబుకు మారుతుంది. అందుకే యాక్రిలిక్ షీటుతో చేయించిన తొట్టిగాని, దళసరి గోడలున్న పెట్టెగాని తీసుకోవాలి.

వేళ్ళ వైపు ఉండే చిన్న గోడకు పొర్లుగొట్టం పెట్టించాలి. దాని ఎత్తును బట్టి కాలు ఎంతవరకు మునుగుతుందో నిర్ణయమవుతుంది. అడుగు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున పెడితే చీలమండ గుబ్బలు రెండూ బాగా మునిగి, వాటి పైన కొంత భాగం కూడా కొలతలోకి వస్తుంది. గొట్టం లోపలి వ్యాసం 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండాలి, బయటి కొన కిందికి కొంచెం వాలి ఉండాలి, కోసిన అంచు నున్నగా ఉండాలి. గరుకు అంచు మీద నీరు తలతన్యత వల్ల వేలాడుతూ నిలిచిపోతుంది. అడుగున ఒక కుళాయి ఉంటే ఏడెనిమిది లీటర్ల నీటిని ఎత్తి పారబోసే బాధ తప్పుతుంది.

తొట్టిని ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది అక్కడే వచ్చింది. ఒక వారం మా కొలతలన్నీ ఉన్నట్టుండి పెరిగాయి. వాపు తగ్గుతున్నట్టు స్పష్టంగా కనిపిస్తున్న రోగులకు కూడా అంకె 20 మిల్లీలీటర్ల దాకా ఎక్కువ చూపిస్తోంది. నీరు మార్చాం, కాటాను సరిచూశాం, ఫలితం లేదు. చివరికి చూస్తే, గది కడిగినప్పుడు తొట్టిని రెండడుగులు పక్కకు జరిపారు, అక్కడ నేల నీరు పోవడానికి వాలుగా ఉంది. మడమ వైపు కొంచెం పల్లమైంది. పొర్లుగొట్టం ఎదుటి చివర ఉంది కాబట్టి కాలు దిగే చోట నీటి లోతు అయిదారు మిల్లీమీటర్లు పెరిగింది. నీటి అంచున కాలి చుట్టుకొలత 22 సెంటీమీటర్లయితే అక్కడ అడ్డుకోత వైశాల్యం దాదాపు 38 చదరపు సెంటీమీటర్లు, అంటే లోతులో ప్రతి మిల్లీమీటరుకూ సుమారు 4 మిల్లీలీటర్లు. లెక్క సరిగ్గా సరిపోయింది. అప్పటి నుంచి నేల మీద తొట్టి నాలుగు మూలలకూ రంగుతో గుర్తులు పెట్టాం, రోజూ మొదటి కొలతకు ముందు మేస్త్రీలు వాడే రసమట్టంతో రెండు దిక్కులా చూస్తున్నాం.

తొట్టి సిద్ధమయ్యాక రోగిని కూర్చోబెట్టకముందే దాన్ని పరీక్షించాలి. లీటరు సీసాను పొడి ఇసుకతో నిండా నింపి, మూత బిగించి, దాన్ని పాదం స్థానంలో పది సార్లు ముంచి, పొర్లిన నీటిని పది సార్లు తూయండి. సీసా వాచదు, కదలదు, కాబట్టి అంకెల్లో వచ్చే తేడా అంతా తొట్టిదీ మీదీ. అన్నిటికన్నా పెద్ద అంకెకూ చిన్న అంకెకూ మధ్య తేడా సగటులో ఒక శాతం దాటితే పొర్లుగొట్టాన్నీ రసమట్టాన్నీ మళ్ళీ చూసుకోవాలని నా అభిప్రాయం. ఆ సీసాను పారేయకుండా దాచుకోండి. నెలకొకసారి అదే మీ ప్రమాణం. కాటాను మాత్రం తెలిసిన తూనికరాళ్ళతో విడిగా సరిచూడాలి.

కొలిచే క్రమం

రోగి పది, పదిహేను నిమిషాలు కూర్చుని ఉండాలి. అప్పటిదాకా నిలబడి వచ్చినవారి పాదం, పడుకుని లేచినవారి పాదం ఒకటి కావు, ఎందుకంటే కాలు వేలాడుతూ ఉన్నంతసేపూ నీరు కిందికి దిగుతూనే ఉంటుంది. అందుకే ఒక రోగిని ప్రతిసారీ రోజులో ఒకే వేళకు రమ్మనాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసిన కొలతలను పక్కపక్కన పెట్టి చికిత్స గురించి మాట్లాడటం తగదు. బిగుతు మేజోళ్ళు వాడుతుంటే అవి తీసి ఎంతసేపయిందో రాసుకోవాలి. కాలికి ఉన్న ఆభరణాలు తీయించాలి.

నీటిని 30 డిగ్రీల దగ్గర ఉంచుతాను. మరీ వేడి నీరు రక్తనాళాలను వెడల్పు చేసి పాదాన్ని పెంచుతుంది, చల్లటి నీరు కుంచించుకుపోయేలా చేయడమే కాక రోగి కండరాలు బిగబట్టుకునేలా కూడా చేస్తుంది. మీరు వేరే ఉష్ణోగ్రత ఎంచుకున్నా ఫరవాలేదు, కానీ ఎంచుకున్నదాన్ని రాసి గోడకు అంటించి, ఎప్పుడూ దానికే కట్టుబడాలి.

తొట్టిని పొర్లుగొట్టం దాటి నీరు వచ్చేదాకా నింపి, ధార చుక్కలుగా మారాక గడియారం చూసి రెండు నిమిషాలు ఆగాలి. చుక్కలు పూర్తిగా ఆగేదాకా అని పెట్టుకుంటే ఒకరు నిమిషానికే ఆగిందంటారు, ఇంకొకరు అయిదు నిమిషాలు కాచుకుంటారు. నిర్ణీత సమయం ఆ తగాదాను తీరుస్తుంది. తర్వాత గొట్టం కొనను ఒకసారి వేలితో తాకి వేలాడే చుక్కను తీసేసి, ముందే తూచిన పొడి గిన్నెను కింద పెట్టాలి.

పాదాన్ని దించడంలో తొందర పనికిరాదు. రోగి కుర్చీలో వెనక్కి ఆనుకుని, మోకాలు లంబకోణంలో ఉండేలా కూర్చోవాలి. ముందుగా వేళ్ళు, తర్వాత అరికాలు, చివరికి మడమ నీటిని తాకేలా మెల్లగా దించమని చెప్పాలి. గబుక్కున దించితే లేచే అల పొర్లుగొట్టం నుంచి అవసరానికి మించిన నీటిని ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది, ఆ నీరు మళ్ళీ వెనక్కి రాదు. పాదం అడుగును ఆనాక వేళ్ళను ఒకసారి విడదీసి కలపమంటే వాటి సందుల్లో చిక్కిన గాలిబుడగలు పైకి తేలి వస్తాయి. మడమ వెనక గోడను తాకి ఉండాలి, పిక్క తొట్టి అంచు మీద వాలకూడదు, ముంగాలు నిటారుగా ఉండాలి. పాదం మీద బరువు వేయవద్దనీ, వేళ్ళు కదపవద్దనీ, మాట్లాడవద్దనీ చెప్పి, ధార చుక్కలయ్యాక మళ్ళీ అదే రెండు నిమిషాలు ఆగి, కొన చుక్కను తాకి తీసి, గిన్నెను తూయాలి. మొదట చుక్కను పక్కకు తీసేశారు కాబట్టి ఈసారి చుక్క గిన్నెలో పడాలి.

పాదం బయటికి తీసి, ఎంత నీరు పోస్తే మళ్ళీ మునుపటి మట్టానికి వస్తుందో చూసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అందులో చర్మానికి అంటుకుని పోయిన నీరు కూడా పాదం లెక్కలోకి వస్తుంది, అది చర్మాన్ని బట్టి, తీసిన వేగాన్ని బట్టి మారుతుంది. దాన్ని నేను వాడను.

ఒక సందర్శనలో ఒక పాదానికి కనీసం రెండు కొలతలు తీసి సగటు వేయాలి. రెండిటికీ తేడా ఎక్కువగా ఉంటే మూడోది తీసి, మూడింటిలో మధ్య అంకెను రాసుకోవాలి. ప్రతి రోగికీ నీరు మార్చి, తొట్టిని సబ్బుతో కడిగి, క్రిమిసంహారక ద్రావణాన్ని దాని తయారీదారు చెప్పిన గాఢతలో, చెప్పినంతసేపు ఉంచి, మళ్ళీ మంచినీటితో కడగాలి. గొట్టం లోపలి భాగాన్ని మరిచిపోవద్దు. అక్కడ పేరుకునే జిగట శుభ్రతకూ చేటే, కొలతకూ చేటే.

వేలాడదీసి తూయడం

ఇంతకన్నా తక్కువ సరంజామాతో, పొర్లుగొట్టం కూడా లేకుండా కొలిచే ఉపాయం ఒకటుంది. ఇది పాఠాల్లో తక్కువగా కనబడుతుంది గాని నాకు చాలా ఇష్టమైనది. పది కిలోలు దాటి తూయగల, గ్రాము గాని రెండు గ్రాములు గాని తేడా చూపగల డిజిటల్ కాటా మీద బకెట్ పెట్టి, పాదం మునిగేంత నీరు పోసి, అంకెను సున్నా చేయాలి. రోగి ఎత్తయిన బల్ల మీద, తొడ పూర్తిగా ఆనేలా కూర్చుని పాదాన్ని నీటిలోకి వేలాడదీయాలి. పాదం అడుగునుగాని గోడనుగాని తాకనంతవరకు, కాటా చూపే అంకె పాదం తొలగించిన నీటి బరువే. నీరు పాదాన్ని పైకి ఎంత బలంతో నెడుతుందో, అంతే బలంతో పాదం నీటిని కిందికి నెడుతుంది, ఆ బలం బకెట్ అడుగు ద్వారా కాటాకు చేరుతుంది. కాటా 1130 గ్రాములు చూపితే మునిగిన భాగం సుమారు 1130 మిల్లీలీటర్లు.

ఇక్కడ బకెట్ వెడల్పుతో పని లేదు, నీరు పొర్లనవసరం లేదు, కాచుకోనవసరం లేదు. కాలి మీద గీత మాత్రం ముఖ్యం. చీలమండ బయటి గుబ్బ కొన నుంచి పైకి స్కేలుతో కొలిచి, ఏడు సెంటీమీటర్లు అనుకుంటే అక్కడ, కాలి చుట్టూ నీటికి చెదరని పెన్నుతో గీత గీయాలి. నీటి అంచు ఆ గీతను ముద్దాడిన క్షణంలో అంకె చదవాలి. లోతులో మిల్లీమీటరు తప్పు ఇక్కడా నాలుగు మిల్లీలీటర్లే కాబట్టి గీత దగ్గర కంటికి కనిపించేంత తేడా లేకుండా చూసుకుంటే సరిపోతుంది. వేలు అడుగున ఆనితే అంకె ఒక్కసారిగా వందల గ్రాములు ఎగబాకుతుంది, కాబట్టి ఆ తప్పు దాక్కోదు. గోడకు పక్కగా రాసుకునే పాదం మాత్రం మోసం చేస్తుంది, పై నుంచి చూస్తూ ఉండాలి.

కాలు వణికేవారికి, తుంటి నొప్పి ఉన్నవారికి, బరువైన కాలిని అలా పట్టుకోలేనివారికి ఈ పద్ధతి కుదరదు. శరీరం బరువు చూసుకునే కాటాలు ఇందుకు పనికిరావు, వాటిలో అంకె యాభై, వంద గ్రాముల మెట్లలో మారుతుంది. కొన్ని కాటాలు అంకె నిలకడగా ఉండగానే దాన్ని పట్టి ఉంచుతాయి, కొన్ని చిన్న మార్పులను తమంతట తామే సున్నాలో కలిపేస్తాయి. కొనే ముందు బకెట్‌లో ఇసుక సీసాను దారంతో వేలాడదీసి, పైకీ కిందికీ జరిపి చూస్తే కాటా గుణం తెలిసిపోతుంది.

టేపుతో

నీరు వీలుకాని చోట టేపే గతి, కానీ దానితో పాదం ఘనపరిమాణం నేరుగా రాదన్నది ముందుగా ఒప్పుకోవాలి. పిక్క లాంటి భాగాన్ని నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా ఊహించి, ప్రతి ముక్కనూ కొన తెగిన శంకువుగా లెక్క కట్టవచ్చు. కింది చుట్టుకొలత వర్గం, పై చుట్టుకొలత వర్గం, ఆ రెండు చుట్టుకొలతల లబ్ధం, ఈ మూడూ కూడి, ఎత్తుతో గుణించి, 37.7తో భాగించాలి. చుట్టుకొలతలు 22, 24 సెంటీమీటర్లు, ఎత్తు 4 సెంటీమీటర్లయితే 484, 576, 528 కూడగా 1588, నాలుగుతో గుణిస్తే 6352, భాగిస్తే 168.5 మిల్లీలీటర్లు. పిక్కకు బాగా అమరే ఈ లెక్క మడమకు, మెట్టపాదానికి, వేళ్ళకు అమరదు, ఎందుకంటే అవి ఏ కోణంలోనూ శంకువులు కావు. పాదం వరకు నీటితో, పైన పిక్కను టేపుతో కొలిచి కలపడం మొత్తం కాలు వాచినవారికి మంచి దారి.

పాదానికి, చీలమండకు టేపుతో చేయదగినది ఎనిమిది అంకె ఆకారపు చుట్టు. దీని మీద జరిగిన అధ్యయనాల్లో ఒకే వ్యక్తి మళ్ళీ కొలిచినా, వేరే వ్యక్తి కొలిచినా ఫలితం చాలా దగ్గరగా వచ్చింది, నీటి కొలతతో కూడా బాగా పొత్తు కుదిరింది. చీలమండ ముందు, పాదాన్ని పైకి లేపితే ఉబికి కనబడే స్నాయువుకూ బయటి గుబ్బకూ మధ్య టేపు సున్నాను ఆనించాలి. అక్కడి నుంచి మెట్టపాదం మీదుగా లోపలి వైపుకు తెచ్చి, పాదం లోపలి అంచున చేతికి తగిలే నావిక్యులర్ గుబ్బకు కొంచెం ముందుగా కిందికి దించి, అరికాలి గుంట కిందుగా తీసి, బయటి అంచు మధ్యలో తగిలే అయిదో మెటాటార్సల్ ఎముక మొదలుకు కొంచెం వెనకగా పైకి తేవాలి. మళ్ళీ ముందున్న స్నాయువు మీదుగా దాటించి, లోపలి చీలమండ గుబ్బ కొనకు సరిగ్గా కిందుగా, మడమ వెనక అకిలిస్ స్నాయువు చుట్టూ తిప్పి, బయటి గుబ్బ కొన కిందుగా బయలుదేరిన చోటికి చేర్చాలి. చదవడానికి ఇది చిక్కుగా ఉన్నా, ఎముక గుర్తులను ముందే పెన్నుతో చుక్కలు పెట్టుకుంటే చుట్టు ఒక్క నిమిషం పని.

సాగని ఫైబర్ గ్లాస్ టేపు వాడాలి, గుడ్డ టేపు కాలక్రమంలో సాగుతుంది. చర్మానికి అంతటా ఆనాలి, ఎక్కడా నొక్కుకోకూడదు. వాచిన చర్మంలోకి టేపు దిగబడిందంటే మీరు కొలుస్తున్నది మీ చేతి బలాన్ని. టేపును అంకెలు లోపలికి ఉండేలా చుట్టి, కలిసిన చోట గోటితో పట్టుకుని, విప్పాక అంకె చదవమని నేను కొత్తవారికి చెబుతాను. చుట్టేటప్పుడే అంకె కనబడితే, క్రితం కొలత గుర్తున్న చెయ్యి తెలియకుండానే దాని వైపు లాగుతుంది. వచ్చిన సెంటీమీటర్లను మిల్లీలీటర్లుగా మార్చే ప్రయత్నం చేయకుండా, ఆ సెంటీమీటర్లనే రోగి క్రితం సెంటీమీటర్లతో పోల్చాలి. ఈ చుట్టు పాదం ముందు భాగాన్ని, వేళ్ళ మొదళ్ళను తాకదు కాబట్టి అక్కడ వాపు ఉంటే ఆ చోట మరొక చుట్టుకొలత తీసి విడిగా రాయాలి.

మీ తప్పు ఎంతో మీరే కనుక్కోవాలి

అంకె వచ్చాక అడగవలసిన ప్రశ్న, ఎంత మార్పు వస్తే అది నిజమైన మార్పు అన్నది. దానికి జవాబు ఎక్కడో అచ్చయిన పట్టికలో కాక మీ తొట్టిలో, మీ చేతుల్లో ఉంది. పది మందిని తీసుకుని, ప్రతి ఒక్కరినీ ఒకే పూట రెండుసార్లు కొలిచి, రెండో కొలత తీసేటప్పుడు మొదటిది కనబడకుండా కాగితం మడిచి పెట్టాలి. ప్రతి వ్యక్తికీ రెండు కొలతల తేడా రాసి, ఆ తేడాలను వర్గం చేసి, అన్నీ కూడి, కొలిచినవారి సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే మీ కొలతలో సహజంగా ఉండే తప్పు వస్తుంది. దాన్ని 2.77తో గుణిస్తే, నూటికి తొంభై అయిదు పాళ్ళ నమ్మకంతో నిజమైనదని చెప్పదగిన కనీస మార్పు వస్తుంది.

ఉదాహరణకు పది మందిలో తేడాలు 8, 12, 5, 15, 10, 3, 9, 14, 6, 11 మిల్లీలీటర్లు అనుకుందాం. వర్గాల మొత్తం 1001, ఇరవైతో భాగిస్తే 50.05, వర్గమూలం 7.1, దాన్ని 2.77తో గుణిస్తే దాదాపు 20. అంటే ఈ క్లినిక్కులో ఒక పాదం 1180 నుంచి 1150కి వస్తే వాపు తగ్గిందని ధైర్యంగా రాయవచ్చు. 1168కి వస్తే తగ్గి ఉండవచ్చు, తగ్గకపోనూ వచ్చు, కట్టు మార్చే నిర్ణయం ఆ ఒక్క అంకె మీద తీసుకోకూడదు.

ఇదే పరీక్షను ఇద్దరు వేర్వేరు వ్యక్తులతో చేయిస్తే అంకె సాధారణంగా పెద్దదవుతుంది, వేర్వేరు రోజుల్లో చేస్తే ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే ఆరోగ్యవంతుడి పాదం కూడా రోజూ ఒకేలా ఉండదు. రోగులు వచ్చేది వేర్వేరు రోజుల్లో కాబట్టి, నిర్ణయాలకు వాడవలసింది ఆ చివరి అంకెనే. ఒకే పూట చేసిన పరీక్షలో వచ్చిన చిన్న అంకెను చూసి మురిసిపోవడం ఈ పనిలో తరచు జరిగే పొరపాటు.

రెండో పాదంతో పోల్చడం గురించి ఒక మాట. ఒకే కాలు వాచినప్పుడు బాగున్న కాలిని ప్రమాణంగా తీసుకోవడం సహజం, తొలి సందర్శనలో అంతకన్నా వేరే ఆధారం కూడా ఉండదు. అయితే వాపు లేనివారిలో కూడా రెండు పాదాలు సమానంగా ఉండవు. రెండింటినీ ప్రతిసారీ కొలవాలి గాని, వాచిన పాదాన్ని ప్రధానంగా దాని క్రితం కొలతతోనే పోల్చాలి. బాగున్న పాదం కూడా అదే మోతాదులో పెరిగిందంటే కారణం చీలమండలో కాక మొత్తం శరీరంలో ఉండవచ్చు. రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ లాంటి మందులు రెండు పాదాలకూ నీరు పట్టిస్తాయి, కాబట్టి మందుల పట్టికలో కొత్తగా చేరినదేమైనా ఉందా అని అప్పుడే అడగాలి.

కేసు షీటులో తేదీ, వేళ, ఏ పాదం, ఏ పద్ధతి, నీటి ఉష్ణోగ్రత, పొర్లుగొట్టం లేదా గీత ఎత్తు, తీసిన కొలతలన్నీ, సగటు, కొలిచిన వ్యక్తి పొడి అక్షరాలు ఉండాలి. సగటు ఒక్కటే రాసి మిగతావి వదిలేస్తే, ఆ రోజు కొలతలు ఎంత చెదిరాయో తర్వాత ఎవరికీ తెలియదు. కొలత పక్కన మీ క్లినిక్కు కనీస మార్పు అంకెను కూడా అచ్చు వేయించుకుంటే చదివే వైద్యుడు దాన్ని వెతుక్కోనవసరం ఉండదు. తొట్టి మార్చినా, పొర్లుగొట్టం బాగుచేయించినా, కొలిచే పనికి కొత్తవారు వచ్చినా, ఆ పది మంది పరీక్షను మళ్ళీ చేసి, పాత రోగుల షీట్లలో ఆ తేదీ దగ్గర అడ్డగీత గీసి, గీతకు ముందూ తర్వాతా ఉన్న అంకెలను కొత్త కనీస మార్పు తేలేదాకా ఒకదానితో ఒకటి పోల్చకుండా ఉంచాలి.